ఒకే పళ్ళెంలో అందరికీ: గోధుమ లేని చాక్లెట్ బ్రౌనీ

 

మన పండుగ దస్తర్‌ఖాన్‌ను ఒకసారి గమనించండి. షీర్ ఖుర్మాలో వేసే సేమియా గోధుమది. హలీమ్‌కు గోధుమే ఆధారం. సమోసా పైపొర మైదాతో చేస్తాము. డబుల్ కా మీఠాకు రొట్టె ముక్కలు కావాలి. నాన్, రుమాలీ రొట్టె, పిల్లలు ఆశపడే కేకు, బిస్కెట్టు అన్నీ ఆ ఒక్క ధాన్యం నుంచి వచ్చినవే. ఇంటిల్లిపాదికీ ఇది అల్లాహ్ ప్రసాదించిన సమృద్ధి. కాని, వైద్యులు గోధుమను పూర్తిగా నిషేధించిన బిడ్డ ఒకరు ఆ ఇంట్లో ఉంటే, ఆ బిడ్డకు పండుగనాడు వినిపించే మాట ఒక్కటే: "ఇది నీకు కాదమ్మా." అందరూ ఒక పళ్ళెం చుట్టూ కూర్చున్నప్పుడు తన చేతికి మాత్రం ఒక మూల నుంచి వేరే గిన్నె వస్తుంది.

ఆ వేరే గిన్నె అవసరం లేని ఒక మిఠాయిని ఈ నెల మన వంటింట్లో తయారుచేసుకుందాము. రోగికి ఒకటి, ఆరోగ్యవంతులకు మరొకటి అని రెండు రకాలు చేయనక్కరలేదు. ఒకే తట్టలో కాల్చి, ఒకే పళ్ళెంలో పెట్టి, అందరూ కలసి తినగలిగినది ఇది. పేరు బ్రౌనీ. వంటకు ముందు, ఆ బిడ్డకు వచ్చిన కష్టం ఏమిటో తెలుసుకోవడం అవసరం. కష్టం అర్థం కాకపోతే ఎంత ప్రేమతో వండినా అది హాని చేయవచ్చు.

గోధుమ ఎందుకు పడదు?

గోధుమలోను, యవలలోను, రై అనే ధాన్యంలోను గ్లూటెన్ అనే మాంసకృత్తు ఉంటుంది. చపాతీ పిండిని తడిపి మర్దించినప్పుడు అది సాగేది ఈ గ్లూటెన్ వల్లనే. సీలియాక్ వ్యాధి ఉన్నవారి శరీరం గ్లూటెన్‌ను చూసి, తన చిన్నప్రేగు మీదనే దాడికి దిగుతుంది. ఆహారంలోని సారాన్ని పీల్చుకోవడానికి చిన్నప్రేగు లోపలి గోడ మీద వేళ్ళవంటి సన్నని మొలకలు ఉంటాయి. దాడి వల్ల అవి అరిగి చదునైపోతాయి. అప్పుడు బిడ్డ ఎంత తిన్నా ఒంటికి పట్టదు. విరేచనాలు, కడుపు ఉబ్బరం, ఎత్తు పెరగకపోవడం, ఎన్ని మందులు వాడినా తగ్గని రక్తహీనత, ఆడపిల్లలలో ఋతుక్రమం ఆలస్యం కావడం దీని లక్షణాలలో కొన్ని. కొందరిలో కడుపుకు సంబంధించిన బాధ ఏదీ కనిపించదు, రక్తహీనత ఒక్కటే బయటపడుతుంది.

ఈ వ్యాధికి కారణం గోధుమ అని గుర్తించినవారు విలెం డికే అనే డచ్చి పిల్లల వైద్యులు. రెండవ ప్రపంచయుద్ధపు చివరి శీతకాలంలో, అంటే 1944-45లో, నెదర్లాండ్స్‌లో తీవ్రమైన కరువు వచ్చింది. రొట్టె దొరకని ఆ రోజులలో ఆయన వద్ద ఉన్న సీలియాక్ పిల్లలు కోలుకున్నారు. రొట్టె మళ్ళీ రాగానే వారి జబ్బు తిరగబెట్టింది. అప్పటికే గోధుమను అనుమానిస్తున్న ఆయన ఆ పరిశీలనను 1950లో తన సిద్ధాంత గ్రంథంలో నిరూపించారు. నేటికీ ఈ వ్యాధికి చికిత్స జీవితాంతం గ్లూటెన్‌ను పూర్తిగా మానివేయడమే. మన దేశంలో ఇది గోధుమ ఎక్కువగా తినే ఉత్తరాది రాష్ట్రాలలో అధికం, అన్నం తినే దక్షిణాదిలో తక్కువ. తక్కువ కనుకనే మన ప్రాంతంలో దీని పేరు విన్నవారు కూడా తక్కువ. "కడుపు బలహీనం" అన్న మాటతో సంవత్సరాలు గడిచిపోతుంటాయి.

ఇక్కడ ఒక హెచ్చరిక. అనుమానం రాగానే సొంతంగా గోధుమ మానిపించకండి. మొదట వైద్యుని వద్దకు వెళ్ళి టీటీజీ అనే రక్తపరీక్ష చేయించాలి. అవసరమైతే ఎండోస్కోపీ ద్వారా చిన్నప్రేగు నుంచి చిన్న ముక్క తీసి పరీక్షిస్తారు. బిడ్డ గోధుమ తింటున్న కాలంలో చేసినప్పుడే ఈ పరీక్షలు నిజం చెబుతాయి. ముందుగానే మానిపిస్తే వ్యాధి ఉన్నా లేనట్లు ఫలితం రావచ్చు. అలాగే ఏ జబ్బూ లేనివారు గ్లూటెన్ మానివేయడం వల్ల ప్రత్యేకమైన లాభమేమీ లేదు. అల్లాహ్ హలాల్ చేసిన ధాన్యాన్ని కారణం లేకుండా మన మీద మనమే నిషేధించుకోవడం వివేకం కాదు.

"కొంచెం తింటే ఏమవుతుంది?"

ఈ మాట మన ఇళ్ళలో ద్వేషంతో రాదు, ప్రేమతోనే వస్తుంది. దాదీ తన చేతితో ఒక ముద్ద నోటికి అందిస్తుంది. ఖాలా ఒక సమోసా చేతిలో పెడుతుంది. బిస్మిల్లాహ్ అని తింటే ఏ హానీ ఉండదని ధైర్యం చెబుతుంది. బిస్మిల్లాహ్ శుభమే. అయితే రోగానికి చికిత్స చేయించుకోమని బోధించినవారు, తనకు గాని ఇతరులకు గాని హాని చేయరాదని చెప్పినవారు కూడా మన దైవప్రవక్తే (స). సీలియాక్ ఉన్న బిడ్డకు ఒక్క ముద్ద కూడా హానికరమే. పైకి కడుపునొప్పి కనిపించకపోయినా లోపల ప్రేగు దెబ్బతింటూనే ఉంటుంది.

తల్బీనా విషయం కూడా ఇక్కడే చెప్పాలి. యవల పిండితో కాచే ఈ జావను రోగులకు, దుఃఖంలో ఉన్నవారికి ఊరటనిచ్చేదిగా హదీసులలో పేర్కొన్నారు. సీలియాక్ ఉన్నవారు మాత్రం దానికి దూరంగా ఉండాలి, ఎందుకంటే యవలలోనూ గ్లూటెన్ ఉంది. ఇది సున్నత్‌ను నిర్లక్ష్యం చేయడం కాదు. ఒక ఆహారం ఒకరికి స్వస్థత, మరొకరికి వ్యాధి కావచ్చు.

వడ్డించినదాన్ని కాదనడం మర్యాద కాదని పిల్లలకు నేర్పుతాము. మంచిదే. కాని ఉమ్ముల్ మూమినీన్ హజ్రత్ మైమూనా (రజి) ఇంట జరిగిన సంఘటనను కూడా వారికి చెప్పండి. కాల్చిన ఉడుము మాంసాన్ని దైవప్రవక్త (స) ముందు పెట్టారు. అదేమిటో తెలిసిన తరువాత ఆయన చేయి వెనక్కి తీసుకున్నారు. ఇది నిషిద్ధమా అని హజ్రత్ ఖాలిద్ బిన్ వలీద్ (రజి) అడిగితే, కాదని, తమ వారి ప్రాంతంలో అది లేనందువల్ల తనకు రుచించదని చెప్పారు. ఖాలిద్ (రజి) ఆయన ఎదుటనే తిన్నారు. ఆయన వారించలేదు. ఆహారాన్ని నిందించలేదు, వండినవారిని నొప్పించలేదు, తినేవారిని ఆపలేదు, తాను మాత్రం తినలేదు. కేవలం రుచించకపోవడమే అక్కడ చాలినంత కారణం అయినప్పుడు, వ్యాధి ఎంతటి కారణమో ఆలోచించండి. కనుక మీ బిడ్డకు ఈ మాటలు నేర్పండి: "దాదీ, ఇది నాకు పడదు, డాక్టరు వద్దన్నారు. మీ చేతితో ఒక ఖర్జూరం ఇవ్వండి."

ఆడపిల్ల అయితే మరొక బాధ కలుస్తుంది. నలుగురికీ తెలిస్తే రేపు సంబంధాలు రావేమోనని విషయాన్ని దాస్తారు. దాచిపెట్టడం కోసం బంధువుల ఇంట అన్నీ తిననిస్తారు. ఆహారనియమం పాటించే సీలియాక్ రోగులలో అత్యధికులు ఆరోగ్యంగా ఎదుగుతారు, తల్లులవుతారు. నియమం తప్పితేనే రక్తహీనత, ఎముకల బలహీనత, గర్భధారణలో ఇబ్బందులు ఎదురయ్యే అవకాశం పెరుగుతుంది. దాచడం వల్ల ఆమె భవిష్యత్తుకు రక్షణ లభించదు, ఉన్న రక్షణ కూడా పోతుంది.

కలసి తినడం, వేరుగా తినడం

దివ్యఖుర్ఆన్‌లోని అన్-నూర్ సూరా 61వ ఆయతు భోజనం గురించి మాట్లాడుతూ అంధులను, కాళ్ళ వైకల్యం గలవారిని, వ్యాధిగ్రస్తులను ప్రత్యేకంగా ప్రస్తావించింది. ఆ కాలంలో ఇటువంటివారు ఇతరులతో కలసి తినడానికి సంకోచించేవారని, తమ వల్ల తోటివారికి ఇబ్బంది కలుగుతుందేమోనని దూరంగా ఉండేవారని వ్యాఖ్యాతలు కొందరు వివరించారు. ఆ సంకోచాన్ని ఆయతు తొలగించింది. కలసి తిన్నా, విడివిడిగా తిన్నా దోషం లేదని కూడా అదే ఆయతు తెలిపింది.

ఈ రెండు అనుమతులలోనూ మనకు మార్గం ఉన్నది. పళ్ళెంలో ఉన్నది హానికరమైనప్పుడు బిడ్డకు వేరుగా వడ్డించడం నామోషీ కాదు, అది కాపాడటం. అయితే కలసి తినే శుభం కూడా ఆ బిడ్డ హక్కే. మనం కొద్దిపాటి శ్రమ తీసుకుంటే దస్తర్‌ఖాన్ మీద ఒకటి రెండు పదార్థాలైనా అందరూ తినదగినవిగా ఉంచవచ్చు. అందుకు బ్రౌనీ చక్కగా సరిపోతుంది.

బ్రౌనీయే ఎందుకు?

19వ శతాబ్దపు చివరి సంవత్సరాలలో అమెరికాలో పుట్టిన మిఠాయి ఇది. కేకులాగా పొంగదు. దట్టంగా, లోపల మెత్తగా, పైన పలుచని పగుళ్ళతో ఉంటుంది. రొట్టెకు, నాన్‌కు గ్లూటెన్ తప్పనిసరి, ఎందుకంటే లోపలి గాలిని పట్టి ఉంచే వల అదే. గోధుమ లేకుండా నాన్ చేయబోతే నాన్‌కు నకలు మాత్రమే వస్తుంది. బ్రౌనీ అలా కాదు. దానిని నిలబెట్టేవి కోడిగుడ్లు, చక్కెర, చాక్లెట్. మైదాతో చేసేటప్పుడు కూడా గ్లూటెన్ సాగకూడదనే పిండి వేశాక ఎక్కువ కలపవద్దంటారు. అంటే గ్లూటెన్ ఇక్కడ మొదటినుంచీ అక్కరలేని అతిథి. దానిని తీసివేస్తే రుచికి లోటు రాదు.

మైదా స్థానంలో మన రాగిపిండి వాడుదాము. దాని రంగు చాక్లెట్‌లో కలసిపోతుంది, దాని మట్టివాసన కోకోకు తోడవుతుంది. రాగి దొరకకపోతే జొన్నపిండి వాడవచ్చు. రాగి, జొన్న, సజ్జ, వరి, మొక్కజొన్న, శనగ వీటిలో గ్లూటెన్ లేదు.

వంటింటి జాగ్రత్తలు

రాగిలో గ్లూటెన్ లేకపోయినా రాగిపిండిలో ఉండవచ్చు. కారణం పిండిమర. మనకన్నా ముందు గోధుమలు ఆడించిన గిర్నీలోనే మన రాగులు కూడా ఆడతాయి. కనుక ఈ వంటకు గింజలే కొనండి. ఇతర గింజలు లేకుండా ఏరి, కడిగి, శుభ్రమైన బట్ట మీద ఎండబెట్టి, దోరగా వేయించి, ఇంట్లోనే మిక్సీలో మెత్తగా పట్టండి. జల్లెడ కొత్తది ఉండాలి. గోధుమపిండి జల్లించిన జల్లెడ కన్నాలలో ఇరుక్కున్న పిండి ఎంత కడిగినా పూర్తిగా పోదు. చెక్క గరిటెలూ అంతే, వాటి బదులు స్టీలువి వాడండి. మిక్సీ జారు మూత రబ్బరు తీసి కడగండి. చపాతీలు చేసే వేళ గాలిలో ఎగిరిన పిండి చాలాసేపటి వరకు గిన్నెల మీద వాలుతూనే ఉంటుంది. కాబట్టి ఆ రోజు పిండి డబ్బా తెరవక ముందే, ఉదయాన్నే బ్రౌనీ కాల్చండి. వేడికి గ్లూటెన్ నశించదు. ఓవెన్‌లో పెడితే అంతా శుద్ధి అవుతుందన్న భావన సరికాదు.

సమోసాలు వేయించిన నూనెలో పకోడీ వేయిస్తే, అది శనగపిండిదే అయినా ఆ బిడ్డకు పనికిరాదు. బజారులో దొరికే ఇంగువలో, సోయా సాస్‌లో, మాల్ట్ కలిపిన పానీయాలలో గోధుమో యవలో ఉండటం సాధారణం. "రాగి బిస్కెట్లు" అని రాసి ఉన్నా చాలావాటిలో మైదా ఉంటుంది. పొట్లం వెనుక ఉన్న చిన్న అక్షరాలు చదవనిదే ఏదీ కొనకండి. గ్లూటెన్ రహితమని రాయాలంటే కిలో ఆహారంలో గ్లూటెన్ 20 మిల్లీగ్రాములు మించరాదన్నది మన దేశపు ఆహార ప్రమాణాల నియమం.

కావలసినవి (8 అంగుళాల చదరపు తట్టకు, 16 ముక్కలు)

డార్క్ చాక్లెట్ 150 గ్రాములు
ఉప్పు లేని వెన్న 100 గ్రాములు
చక్కెర 175 గ్రాములు
కోడిగుడ్లు 3
ఇంట్లో పట్టిన రాగిపిండి 50 గ్రాములు
కార్న్ ఫ్లోర్ 20 గ్రాములు
కోకో పొడి 25 గ్రాములు
ఉప్పు చిటికెడు
ఏలకుల పొడి పావు చెంచా, లేదా చిక్కని కాఫీ డికాషన్ ఒక చెంచా
అక్రోటు పలుకులు గుప్పెడు (ఇష్టమైతే)

బేకింగ్ పౌడరు అవసరం లేదు. కొన్ని రకాలలో గోధుమ గంజి కలుస్తుంది కనుక అది లేకపోవడం ఒక విధంగా మేలే.

హలాల్ పరిశీలన

వెనిలా ఎక్స్‌ట్రాక్ట్‌ను సాధారణంగా ఆల్కహాల్‌లో నానబెట్టి తీస్తారు. అందుకే పైన ఏలకులు గాని కాఫీ గాని సూచించాను. వెనిలాయే కావాలంటే ఆల్కహాల్ లేనిదని స్పష్టంగా రాసి ఉన్నది ఎంచుకోండి. చాక్లెట్ పొట్లం మీద ఆకుపచ్చ గుర్తు ఉంటే అందులో జంతు సంబంధమైన కొవ్వు, జెలటిన్ లేవని తెలుస్తుంది. ఇ-471 వంటి పదార్థాల విషయంలో ఆ గుర్తు సహాయపడుతుంది, ఎందుకంటే అవి మొక్కల నూనె నుంచీ, జంతువుల కొవ్వు నుంచీ కూడా తయారవుతాయి. కాని ఆ గుర్తు ఆల్కహాల్ గురించి ఏమీ చెప్పదు. మద్యపు రుచులు కలిపిన చాక్లెట్లు కూడా బజారులో ఉన్నాయి, చదివి తీసుకోండి. అదే చూపులో గోధుమ, మాల్ట్ అనే మాటలు ఉన్నాయేమో కూడా చూడండి. హలాల్ కోసం పొట్లం చదివే అలవాటు ఉన్న ఇంటికి ఇది కొత్త భారం కాదు.

చేసే విధానం

1. తట్టకు అడుగున, పక్కలకు బటర్ పేపరు పరచండి. ఓవెన్‌ను 175 డిగ్రీల సెల్సియస్‌కు వేడిచేయండి.

2. ఒక గిన్నెలో నీరు మరిగించి, దాని మీద మరొక పొడి గిన్నె పెట్టి చాక్లెట్, వెన్న కరిగించండి. ఒక్క చుక్క నీరు పడినా చాక్లెట్ గడ్డకడుతుంది. కరిగిన తరువాత దించి, వేలు పెడితే గోరువెచ్చగా ఉండే వరకు చల్లార్చండి.

3. ప్రతి గుడ్డునూ ముందుగా చిన్న గిన్నెలో పగలగొట్టి, బాగున్నదని చూసి పెద్ద పాత్రలో వేయండి. చక్కెర చేర్చి, నురుగు లేతరంగుకు వచ్చే వరకు నాలుగైదు నిమిషాలు గిలకొట్టండి. బ్రౌనీ పైన మెరిసే పలుచని పొర దీని వల్లనే వస్తుంది.

4. చల్లారిన చాక్లెట్‌ను ఇందులో పోసి కలపండి. వేడిగా పోస్తే గుడ్డు ఉడికిపోతుంది.

5. రాగిపిండి, కార్న్ ఫ్లోర్, కోకో, ఉప్పు, ఏలకుల పొడి కలిపి జల్లించి చేర్చండి. డికాషన్ వాడితే ఇప్పుడే పోయండి. మైదా అయితే తక్కువ కలపాలి. ఇది రాగి కనుక భయం లేదు, ఒక నిమిషం పాటు గట్టిగా కలపండి. మిశ్రమం నునుపుగా, చిక్కగా అవుతుంది. అక్రోట్లు వేయండి.

6. తట్టలో పోసి 15 నిమిషాలు ఆగండి. రాగి తడిని పీల్చుకుని, నోటికి ఇసుకలా తగలకుండా ఉంటుంది.

7. 25 నుంచి 28 నిమిషాలు కాల్చండి. మధ్యలో పుల్ల గుచ్చితే దానికి తడి పలుకులు అంటుకోవాలి. పుల్ల శుభ్రంగా వచ్చిందంటే కాస్త ఎక్కువ కాలినట్లు. పిండి జారుగా అంటితే మరికొన్ని నిమిషాలు ఉంచండి.

8. తట్టలోనే రెండు గంటలు పూర్తిగా చల్లారనివ్వండి. గ్లూటెన్ లేనందున వేడిమీద కోస్తే పొడి అవుతుంది. చల్లారాక అదే బ్రౌనీ గట్టిపడి చక్కని ముక్కలుగా తెగుతుంది. పిల్లలను ఆపడమే ఇందులో కష్టమైన పని.

ఓవెన్ లేనివారు మందపాటి కుక్కరు వాడవచ్చు. రబ్బరు, విజిల్ తీసివేసి, అడుగున ఉప్పు పరచి, దాని మీద స్టాండు పెట్టి, మూతపెట్టి 10 నిమిషాలు వేడిచేయండి. కుక్కరులో పట్టే గుండ్రని తట్టలో మిశ్రమం పోసి ఉంచి, మూతపెట్టి, సన్నని మంట మీద 40 నుంచి 45 నిమిషాలు కాల్చండి. నీరు పోయకూడదు. 35 నిమిషాల తరువాత ఒకసారి పుల్లతో చూడండి.

గాలి చొరని డబ్బాలో మూడు రోజులు, ఫ్రిజ్‌లో వారం వరకు నిలువ ఉంటుంది.

గ్లూటెన్ రహితం అంటే చక్కెర రహితం కాదని మరువకండి. చాక్లెట్‌లో ఉన్నది కాక, ఒక్కొక్క ముక్కలో సుమారు 11 గ్రాముల చక్కెర ఉంటుంది. చిన్నవయసులో వచ్చే మధుమేహం, సీలియాక్ రెండూ ఒకే బిడ్డలో కనిపించడం అరుదు కాదు. అటువంటి బిడ్డకు ఎంత పెట్టాలో వైద్యులను అడిగి నిర్ణయించండి.

అతిథిగా, ఆతిథేయిగా

ఎవరినైనా ఇఫ్తార్‌కు పిలిచేటప్పుడు, "మీ ఇంట్లో ఎవరికైనా పడని ఆహారం ఉన్నదా?" అని ఒక్క మాట అడగండి. ఉన్నదని చెబితే మెనూ అంతా మార్చనక్కరలేదు. ఖర్జూరం, పండ్లు, ఉడికించిన శనగలు, అన్నం, ఇంటి మసాలాతో వండిన మాంసం చాలు. షీర్ ఖుర్మాకు గోధుమ సేమియా బదులు బియ్యపు సేమియా వాడితే ఆ ఒక్క మార్పుతో పండుగ ఉదయం అందరిదీ అవుతుంది. ఆ గిన్నెల కోసం విడి గరిటెలు ఉంచండి. సమోసా పట్టుకున్న చేయి బ్రౌనీ పళ్ళెంలోకి వెళ్ళకుండా, బ్రౌనీని ముందుగా వడ్డించండి.

బిడ్డను పిలిచి, ఆ పళ్ళేన్ని ఆమె చేతికే ఇవ్వండి. అందరికీ తనే పంచనివ్వండి. ఇంతవరకు తన కోసం ఇతరులు ఏదో ఒకటి వేరుగా తెచ్చి ఇచ్చారు. ఇప్పుడు తాను తినగలిగినదే ఇతరులకు పెడుతుంది. ఆ ఆనందం ఆమెకు ఏ మందూ ఇవ్వలేనిది.

అల్లాహ్ మన పిల్లలకు ఆరోగ్యాన్ని, మన దస్తర్‌ఖాన్‌లకు శుభాన్ని, మన చేతులకు జాగ్రత్తను ప్రసాదించుగాక! ఆమీన్.